కాలియెముకతో కట్టిన దవడ



దేహములో నొకచోటి యెముకను దీసి వేఱొకచోట నమర్చి బ్రదికించుట యనిన వినువారికి పురాణగాథవలె దోచును. కాని యిది నేడు మన పెద్ద యాసుపత్రులలో జరుగుచునే యున్నది. గడచిన మాసమున నొక సోదరి వ్రాసిన యుత్తరము నన్నీ విషయమునకు బురికొల్పినది. ఆమె యత్తగారికి క్రింది చిగురుపై పుండు పుట్టి మానక, పరీక్షింపగా క్యాన్సరని తేలినదట. పుండుతోబాటు దవడయెముకలో ముందుభాగమును దీసివేయవలెననియు, ఆ వెలితిని కాలియెముకతో బూరింతుమనియు డాక్టరుగారు చెప్పిరట. ఇంటిలోని పెద్దలు "నోటి రోగమునకై కాలు కూడ బోగొట్టుకొందుమా?" యని యడ్డు చెప్పుచున్నారట. "అక్కగారూ, ఆ యెముక యక్కడ బ్రదుకునా? బ్రదుకకున్న నేమగును? మా యత్తగారికి నడక మిగులునా? ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు ప్రక్కన నుండవలసినదానను నేనే. సంతకమునకు పదిదినములు గడువిచ్చినారు" అని యా సోదరి వ్రాసినది.

ఈ ప్రశ్నలు మూడును యుక్తమైనవే. శస్త్రచికిత్స చేయువారు కూడ వీనినే తలపోయుచుందురు. నేను వైద్యురాలను గాను. పంతులుగారి పుస్తకముల నడుమ మసలుచు, సందేహము కలిగినప్పుడు తెలిసిన వైద్యుల నడిగి, తెలిసికొన్నంత వ్రాయుచున్నాను. రోగికి సంబంధించిన తుదిమాట ఆమెను జూచిన వైద్యునిదే.

నోటి క్యాన్సరు మన దేశమున నెంత ప్రబలియున్నదో చెప్పనక్కఱలేదు. భారతీయ పురుషులలో దక్కిన క్యాన్సరు లన్నిటికంటె నిదియే హెచ్చు. స్త్రీలకును తక్కువ లేదు. పొగాకు కాడను, వక్కను చిగురునకును బుగ్గకును నడుమ గంటలకొలది నిలుపుకొనుట దీనికి ముఖ్యకారణము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో బెద్దవయసు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల బెట్టుకొని పీల్చు అడ్డపొగ మఱియొకటి. పిండ్‌బోర్గ్ మొదలగు పండితులు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను బరీక్షించి, అడ్డపొగవలన నంగిలిపై గలుగు వికారములను గూర్చి 1971లో బ్రకటించిరి. అడ్డపొగ యంగిలిని గాల్చును. నమలు పొగాకు చిగురును బుగ్గను దినును. చిగురు క్రిందనే దవడయెముక యుండుటచేత, అక్కడి పుండు త్వరలోనే యెముకలోనికి దిగును. అందుచేతనే యెముకను గూడ గోయవలసివచ్చుచున్నది.

దవడ ముందుభాగమును దీసి యట్లే విడిచినచో గడ్డము లోనికి గ్రుంగిపోవును. నాలుకకు ఆధారము దప్పి వెనుకకు జాఱును. పెదవి మూతపడక లాలాజలము కాఱుచునే యుండును. మ్రింగుట, మాటలాడుట, ఒక్కొక్కప్పుడు ఊపిరి పీల్చుట గూడ కష్టమగును. పంక్తిలో గూర్చుండి భుజించుట యంతటితో ముగిసినట్లే. ప్రక్కభాగము మాత్రమే పోయినచో నెముక లేకుండ మాంసముతోనే పూరించు పద్ధతులు గలవు. ముందుభాగమునకు మాత్రము ఎముకకు సాటియైనది లేదు. కనుక ఆ సోదరి యింటి డాక్టరుగారు చెప్పినది వింతయు గాదు, అతియు గాదు.

మఱి ఎముకను మాత్రము తెచ్చి పెట్టిన జాలదా? వెనుక నట్లే చేసెడివారు. రక్తనాళములతో సంబంధము తెంచి తెచ్చిన యెముక వేళ్ళు లేని కఱ్ఱవంటిది. చుట్టునున్న మాంసమునుండి క్రొత్త రక్తనాళములు దానిలోనికి మెల్లమెల్లగా జొరబడి, పాతదానిని దిని, క్రొత్త యెముకను బోయవలెను. వెలితి చిన్నదైనచో నిది జరుగును. వెలితి పెద్దదై, చుట్టును లాలాజలముతో దడిసి, రేడియేషను గూడ దగిలినచోట ఆ యెముక కరగిపోవుటయో చీము పట్టుటయో తఱచు. కాబట్టి యెముకను దానికి రక్తమునిచ్చు ధమనితోను, రక్తమును గొనిపోవు సిరతోను గూడ దీసి, మెడలోని ధమనీసిరలకు గుట్టి, క్రొత్తచోట నా క్షణమునుండియే బ్రదుకునట్లు చేయుదురు. దీనిని వైద్యులు ఫ్లాప్ అందురు.

సుశ్రుతసంహితలో చెంప చర్మముతో ముక్కును గట్టు విధానము గలదని మనలో బెక్కుమంది యెఱుగుదురు. అక్కడ చర్మమును మొదలంట గోయరు. ఒక ప్రక్క నంటియుండగనే త్రిప్పి యతుకుదురు. ఆ యంటియున్న భాగమే దానికి బ్రాణాధారము. 1794లో లండనునందలి 'జెంటిల్‌మెన్స్ మాగజైన్' అను పత్రికలో బూనా దగ్గఱ జరిగిన యట్టి ముక్కు చికిత్సను గూర్చి ప్రకటింపగా, అది చదివి 1814లో కార్‌ప్యూ అను నాంగ్లవైద్యుడు తానును చేసిచూచెను. కాని కాలిలోని యెముకను దవడకు జేర్చుట యనగా సంబంధము పూర్తిగా దెంచి మఱల గూర్చుట. తెగిన రక్తనాళమును రక్తము గడ్డకట్టకుండ గుట్టగలిగిననాడు గాని యిది సాధ్యము కాలేదు.

ఆ కుట్టుట యెట్లు వచ్చినదో వినదగినది. 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు కార్నో లియాన్ నగరమున గత్తిపోటు తిని మరణించెను. తెగిన పెద్ద రక్తనాళమును గుట్టగలవారు నాడు లేరు. ఆ నగరముననే వైద్యము నేర్చుచుండిన కారెల్ అను యువకునకు ఈ లోపము మనసున నాటినదట. ఆయన లియాన్ పట్టుపనికి బేరుపొందిన లెరూదియే అను స్త్రీ యొద్ద సన్నని సూదితో బువ్వులల్లు పనిని నేర్చుకొనెనని యాయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. గుండ్రని నాళపు మూతిని మూడుచోట్ల దారములతో లాగిపట్టి త్రికోణముగ జేసి యంచులను గుట్టు పద్ధతిని 1902లో బ్రకటించెను. 1912లో నోబెల్ బహుమానము వచ్చెను. సూక్ష్మదర్శినిలో జూచుచు మిక్కిలి సన్నని నాళములను గుట్టుట 1960లో అమెరికాలో జాకబ్సన్ మొదలిడెను. ఇప్పుడు దవడకై కలుపు నాళముల వెడల్పు సాధారణముగ 2, 3 మిల్లీమీటర్లు. దారము తలవెండ్రుకకంటె సన్నము. సిరలను గలుపుటకు చిన్న యుంగరములవంటి సాధనములును వచ్చినవి. మన కుట్టుపనిని "ప్రొద్దుపోక చేయునది" అనువారికి కారెల్ గురువమ్మ సంగతి చెప్పుడు.

మోకాలి క్రింద మనకు రెండెముకలు. లోపలి ప్రక్క లావైనది అంతర్జంఘిక. దేహపు బరువు నధికముగ మోయునది యిదియే. వెలుపలి ప్రక్క పిక్క కండలలో సన్నగా బొడవుగా నుండునది బహిర్జంఘిక. దీనిని రక్తనాళములతో గూడ దీసి కాలిలోనే వేఱొక వెలితికి మార్చు విధానమును 1975లో మెల్బోర్నుకు జెందిన టేలర్ ప్రకటించెను. దానితో క్రింది దవడను గట్టుటను 1989లో న్యూయార్కునందలి హిదాల్గో ప్రకటించెను. 20 సెంటీమీటర్లకు మించిన పొడవు దీనినుండి దొరకును. పైన మోకాలి దగ్గఱను, క్రింద చీలమండ దగ్గఱను 6 మొదలు 8 సెంటీమీటర్ల యెముకను విడిచి నడిమి భాగమునే తీయుదురు. గడ్డమునకు వంపు రావలెను గదా! కొబ్బరియీనెను పూర్తిగా దెగకుండ విఱిచి వంచినట్లు, ఎముకను రెండుమూడు చోట్ల గోసియు, దానిని గప్పియున్న పొరను మాత్రము తెగనీయక వంచి, లోహపు ప్లేటును మరలతో బిగింతురు. ఎముకతోబాటు పిక్కమీది చర్మము గొంత తెచ్చి నోటిలోపలి వెలితిని గప్పుదురు. ఒక బృందము నోటిలో బుండును దీయుచుండగా మఱియొక బృందము కాలిపై బనిచేయును. ఎనిమిది, పది గంటలు పట్టుట సామాన్యము. వెలుపల గూర్చున్నవారు ఆలస్యమును జూచి కీడు శంకింపకుందురు గాక.

ఇక "బ్రదుకునా?" అను ప్రశ్న. ఆరితేఱినవారు చేయుచోట్ల నూటికి 90కి మించి, తఱచు 95 వఱకు బ్రదుకుచున్నవి. తక్కిన కొద్దిలో నేమి జరుగునో యదియే మనము తెలిసికొనవలసినది.

వరిమడికి నీరు పెట్టువారిని జూడుడు. కాలువనుండి నీరు వచ్చు మడవ యొకటి, మిగులు నీరు పోవు మడవ యొకటి. వచ్చు మడవ మూసుకొన్న మడి యెండును. పోవు మడవ మూసుకొన్న మడి మునిగి పైరు కుళ్ళును. తెచ్చి నాటిన యెముకకు నిట్లే రెండు విధముల ముప్పు. ధమనిలో గడ్డ యేర్పడినచో లోనికి రక్తము రాదు. చర్మము తెల్లబోవును, చల్లబడును, వ్రేలితో నొక్కి విడిచిన మఱల రంగు రాదు. సిరలో గడ్డ యేర్పడినచో వచ్చిన రక్తము పోవు దారి లేక నిలిచిపోవును. చర్మము ఉబ్బి, నేరేడుపండు చాయకు దిరుగును. నొక్కి విడిచినచో రంగు మఱుక్షణముననే పరుగున వచ్చును. సూదితో గ్రుచ్చిన నల్లని రక్తము కాఱును. రెండింటిలో సిర మూసుకొనుటయే తఱచు. దాని గోడ పలుచన, రక్తవేగము మందము, చిన్న మెలిక పడినను, ఏమి తగిలి యొత్తినను మూసుకొనును.

ఈ ముప్పులలో నధికభాగము మొదటి మూడు దినములలో, అందును మొదటి రెండు దినములలోనే వచ్చును. అందుచేతనే నర్సు గంటగంటకును వచ్చి దీపము వేసి నోరు దెఱచి చూచుట, డాప్లరు సాధనముతో రక్తము పాఱు చప్పుడు వినుట. "నిద్ర పట్టనీయరు" అని విసుగుకొనువారిని నేను చూచియున్నాను. ఆ రాత్రులలో నిద్రకంటె నీ చూపు ముఖ్యము. దోషము కనబడిన వెంటనే రోగిని మఱల శస్త్రశాలకు దీసికొనిపోయి, గడ్డను దీసి, నాళమును దిరుగ గుట్టినచో ననేకములు దక్కును. కొన్ని గంటలు గడచినచో లోపలి సన్ననాళము లన్నియు గడ్డకట్టి, పెద్దనాళమును దెఱచినను రక్తము పాఱదు. రెండవమాఱు శస్త్రశాలకు దీసికొనిపోయిరనిన నది వైద్యుని చేతగానితనమునకు గుఱుతని తలచుట మన బంధువర్గమున నొక యలవాటు. తెల్లవాఱువఱకు జూతమని యూరకుండుటయే దోషము. మొదటనే డాక్టరుగారి నడుగదగిన ప్రశ్న యొకటి గలదు: "రాత్రి రెండుగంటలకు రంగు మాఱినచో జూచువా రెవరు, ఎంతసేపటిలో మఱల తెఱవగలరు?" సోదరీ, ఈ ప్రశ్న యడుగుటకు సంకోచింపకుము.

ప్రక్కనుండువారు చేయగల మేలును గలదు. కుట్టిన నాళములు మెడలో, చర్మమునకు గొంచెము లోతుననే యుండును. మెడచుట్టు బిగువుగా నేదియు నుండరాదు. ఊపిరికై గొంతులో గొట్టము పెట్టినప్పుడు దానిని నాడాతో మెడచుట్టు గట్టక చర్మమునకే కుట్టువైద్యు లనేకులు. అట్టిచోట మనము మంచి తలచి రక్షరేకు త్రాటిని దెచ్చి మెడలో గట్టితిమేని యేమగునో యూహింపుడు. రక్షరేకును మంచపు కోడుకు గట్టుడు, లేదా దిండు క్రింద నుంచుడు. పుస్తెలత్రాడు సంగతి వైద్యుడు చెప్పినట్లు చేయుడు. తలను ఏ ప్రక్కకు ద్రిప్పవలదన్నారో ఆ ప్రక్కకు ద్రిప్పనీయకుడు. చలి తగిలిన నాళములు ముడుచుకొనును గనుక దుప్పటి కప్పుడు. చూడవచ్చు బంధువులలో జుట్టబీడీలు గాల్చివచ్చువారిని దూరముగ నుంచుడు.

ఆ దినములలో రోగి మాటలాడలేదు. ఆహారము ముక్కుగొట్టముద్వారా పోవును. చదువు వచ్చినవారికి పలకయు బలపమును ఇచ్చుట మేలు. చదువు రానివారితో ముందురోజుననే సంజ్ఞలు కుదుర్చుకొనవలెను: ఒకటి నొప్పికి, ఒకటి ఊపిరాడకుండుటకు, ఒకటి దాహమునకు. శస్త్రచికిత్స తరువాత నీ సంజ్ఞలు కనుగొనబోయిన నిరువురకు నేడ్పే మిగులును.

సిర మూసుకొని చర్మము నల్లబడుచున్నప్పుడు వైద్యులు వాడు నుపాయములలో నొకటి మన పాతగ్రంథముల నెఱిగినవారికి సంతోషము గలిగించును. అది జలగ. సుశ్రుతసంహిత సూత్రస్థానములో పదమూడవ యధ్యాయ మంతయు జలగలనుగూర్చియే. అవి పండ్రెండు జాతులని చెప్పి, కృష్ణ, కర్బుర, అలగర్ద, ఇంద్రాయుధ, సాముద్రిక, గోచందన యను నాఱు విషముగలవి గనుక వర్జ్యములనియు, కపిల, పింగళ, శంకుముఖి, మూషిక, పుండరీకముఖి, సావరిక యను నాఱు గ్రాహ్యములనియు నిర్ణయించియున్నది. క్రొత్తకుండలో జెఱువునీరును బురదయు బోసి పెంచుట, కఱవకున్న పాలచుక్కయో రక్తపుచుక్కయో వేయుట, త్రాగిన పిదప మూతికి నూనెయు నుప్పును రాచి కక్కించుట మొదలగునవి యన్నియు నందు గలవు. నా చిన్నతనమున మా నాయనగా రీ యధ్యాయము చెప్పుచుండగా మేము ముఖము చిట్లించుకొనెడివారము.

ఆ జలగయే నేటి సూక్ష్మశస్త్రచికిత్సలో మఱల వచ్చినది. 1985లో బోస్టనునందు అప్టన్ అను వైద్యుడు ఒక పసివాని తెగిన చెవిని గుట్టి, నెత్తురు నిలిచి నల్లబడుచుండగా జలగలను బట్టించి దానిని దక్కించెను. 2004లో అమెరికా ప్రభుత్వపు టౌషధశాఖ వీనిని వైద్యసాధనముగ నంగీకరించెను. జలగ లాలాజలములో రక్తమును గడ్డకట్టనీయని హిరుడిన్ అను పదార్థము గలదు. అది త్రాగునది కొంచెమే. అది వదలిన తరువాతను గాటునుండి గంటలకొలది నెత్తు రూఱుచుండుటయే యసలు మేలు. అట్లు కొన్ని దినములు గడపినచో జర్మపు టంచులనుండి క్రొత్త సన్నసిర లేర్పడి పోవుదారి కలుగును. అయితే దీనియందును చిక్కులు గలవు. జలగ ప్రేగులలో ఏరోమోనాస్ అను సూక్ష్మజీవి యుండును. అది పుండులో జేరిన చీము పట్టును గనుక ముందుగనే తగిన మందు లిత్తురు. రక్తము చాల పోవును గనుక ఎక్కించవలసివచ్చును. నోటిలో బెట్టిన జలగ గొంతులోనికి జాఱకుండ గావలి యుండవలెను. ఒకరికి వాడినదానిని మఱియొకరికి వాడరు. ఇంతకంటె ముఖ్యమైన మాట: జలగ చర్మములో నిలిచిన నెత్తురును దీయగలదు గాని, మెడలో మూసుకొన్న పెద్దసిరను దెఱవలేదు. మొదట శస్త్రశాల, అక్కడ చేయగలిగినది చేసిన పిమ్మటనే జలగ. చెఱువులోని జలగలను దెచ్చి యింటియొద్ద బట్టించువారు నేటికిని లేకపోలేదు. అది వలదు.

చర్మము లేక యెముక మాత్రమే పెట్టినచో రంగు చూచుటకు వీలులేదు. అప్పుడు నాళముపై నంటించిన చిన్న డాప్లరుతో వినుటయో, ఎముకను ఛాయాచిత్రముద్వారా బరీక్షించుటయో చేయుదురు.

నాళములు నిలిచినను నోటియందు మఱియొక శత్రువు గలదు. అది మన లాలాజలమే. నోటిలోపలి కుట్లు ఒక్క నూలుపోగంత విడినను లాలాజలము క్రిందికి జాఱి, ఎముకచుట్టు జేరి, చీము పట్టించి, మెడ చర్మమును ద్రొలుచుకొని వెలికివచ్చును. పూర్వులు నాడీవ్రణమన్నది యిట్టిదే. అది మెడలోని కుట్టిన నాళములను దడిపినచో మొదటివారము దాటి బ్రదికిన యెముకయు జెడవచ్చును. అందుకే వైద్యుడు చెప్పువఱకు నోటితో చుక్క నీరైనను ఇయ్యరాదు. "గొంతు తడుపుకొనుటకు కొంచెము తీర్థము" అనియు కూడదు. దంతములను, నోటిని చెప్పినట్లు శుభ్రముచేయుట ప్రక్కవారి పని.

ఇందులో బెక్కుమంది గమనింపని ప్రమాద మొకటి గలదు. క్యాన్సరు ముదిరియున్నవారికి శస్త్రచికిత్స తరువాత రేడియేషను గూడ నీయవలెను. దానిని సుమారు 6 వారములలోపల మొదలుపెట్టుట మంచిదని వైద్యుల నిర్ణయము. మెడలో పుండు మానక కాఱుచున్నచో, ఫ్లాపు చెడి రెండవది పెట్టవలసివచ్చినచో, ఆ గడువు దాటిపోవును. దాటినకొలది రోగము మఱల తలయెత్తు భయము హెచ్చును. కనుక దవడ నిలుపుటకును బ్రాణము నిలుపుటకును సంబంధమే లేదనుకొనరాదు. చిక్కు చిన్నదిగా నున్నప్పుడే చెప్పుట, గాయము చూపించుకొనుటకు రమ్మన్నదినమున దప్పక వెళ్ళుట వీనివలన నా గడువు దక్కును.

ఇక కాలి సంగతి. పెద్దల భయ మిక్కడనే గదా! బరువు మోయు పెద్దయెముక యట్లే యుండును గనుక నడక పోదు. తీసిన చర్మము పెద్దదైనచో, తొడనుండి పలుచని చర్మమును దెచ్చి పిక్కపై గప్పుదురు. అది యంటుకొనువఱకు కాలు కదల్పక కొన్ని దినము లుంచి, తరువాత కఱ్ఱ సాయముతోను, పిదప కఱ్ఱ లేకయు నడిపింతురు. కాని యేమియు జరుగదని చెప్పుట సత్యము గాదు. బొటనవ్రేలిని వంచు కండ ఆ యెముకనే పట్టుకొనియుండును గనుక, తరువాత నా వ్రేలు సరిగా వంగకపోవచ్చును, ముడుచుకొనియు బోవచ్చును. పాదము వెలుపలి ప్రక్క తిమ్మిరి కొందఱికి నిలిచిపోవును. చీలమండ బిగియుట, మెట్లు దిగునప్పుడు తొట్రుపాటు, క్రింద బాసికపట్టు వేసి కూర్చుండుటకు ఇబ్బంది కొందఱికి గలుగును. పైన మోకాలి ప్రక్కన యెముక మెడను జుట్టి పోవు నరమునకు దెబ్బ తగిలినచో పాదము పైకి లేవక యీడ్చుకొనిపోవును. అందుకే యక్కడి యెముకను విడుతురు. పిక్కను బలవంతముగ బిగించి కుట్టినచో లోపల వాపు హెచ్చి కండలు చచ్చును. నొప్పి రానురాను హెచ్చుచున్నను, కాలివ్రేళ్ళు చల్లబడినను, కదల్పలేకున్నను నర్సును వెంటనే పిలువవలెను. అందఱి చూపును నోటిపైననే యుండును గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను. ఉదయము సాయంకాలము దుప్పటి తీసి ఆ వ్రేళ్ళను జూడుడు.

కాలికి సాధారణముగ మూడు ధమనులు రక్తము నిచ్చును. ఎముకతోబాటు పోవునది వానిలో నొకటి. కొద్దిమందికి మాత్రము పుట్టుకతోనే తక్కిన రెండును సన్నమై, పాదమంతయు నా యొక్కదానిమీదనే యాధారపడియుండును. కొందఱికి పొగాకుచేతను, మధుమేహముచేతను, వయసుచేతను మిగిలినవి మూసుకొనియుండును. అట్టివారికి దానిని దీసినచో పాదమునకే ముప్పు. ముందుగ నాళముల చిత్రమును దీయించి చూచుట యిందుకే. అనుకూలముగ లేకున్న తుంటియెముకనో, భుజపుఱెక్క యెముకనో తీయుదురు. వానికిని వేఱు చిక్కులు గలవు. తుంటియెముకను దీసినచోట హెర్నియా కలుగవచ్చును. ఆ సోదరి యత్తగారి వయసు వ్రాసినది, ఏబదియెనిమిది. వయసు మాత్రమే యడ్డు గాదు. మధుమేహము అదుపులో నున్నదా, గుండె యెట్లున్నది, పొగాకు విడిచినదా యనునవే చూడదగినవి. పొగాకులోని నికొటిను నాళములను ముడుచును. గాయము మానుటను మందగింపజేయును. సంతకమునకు గల ఈ పదిదినములలో నామెచేత బొగాకు మాన్పింపగలిగిన, ఆ యింటివారు చేయగల యుపకారములలో నంతకంటె బెద్దది లేదు.

అన్ని జాగ్రత్తలును జేసి, అయినను ఫ్లాపు చెడినచో? దానిని దీసివేయుదురు. రోగి దేహము తట్టుకొనగలిగిన రెండవకాలినుండి మఱియొకటి తెత్తురు. లేనిచో ఱొమ్ముకండను త్రిప్పి గాయమును గప్పి, ముఖపు టాకారము కొంత పోయినను పుండు మానునట్లు చేయుదురు. అది దుఃఖమే గాని ప్రాణాపాయ మనివార్యము గాదు.

బ్రదికిన యెముక దవడతో నతుకుకొనుటకు నెలలు పట్టును. కొందఱికి ఒకచోట నతుకుకొనక కదలుచుండును. రేడియేషను తరువాత చర్మము పలుచబడి, సంవత్సరములకైనను ప్లేటు వెలికి గనబడవచ్చును. మరలు వదులై చీము పట్టవచ్చును. ఎముక యతుకుకొనియే యున్నచో ప్లేటును దీసివేసినంతనే యది మానును. గడ్డముపై నెఱుపుగాని, చిన్న రంధ్రముగాని, లోపల గటుక్కుమను చప్పుడుగాని కనిపెట్టినచో లేపనములు రాయక వైద్యునికే చూపవలెను. నోరు తెఱచుకొనుట తగ్గిపోకుండ రోజునకు పలుమాఱులు సాధన చేయింపవలెను. ఇది మొదటి నెలలలో మానినచో తరువాత బట్టుబడదు. అంతయు సరిపోయినచో నా కాలియెముకలోనే మరలు బిగించి పండ్లను నిలుపవచ్చును. అందఱికిని కుదురదు. కుదురనివారు మెత్తని యన్నము, పప్పు, మజ్జిగ, గంజి, నలిపిన యరటిపండు మొదలగువానితో గడపుదురు. పచ్చడిలోని కారమును మాత్రము కొన్నాళ్ళు తగ్గించి వడ్డింపుడు. క్రొత్త చర్మమునకు రుచియు మంటయు దెలియకున్నను, చుట్టునున్న పాతచర్మమునకు దెలియును.